మీరడిగారు: రెండు నీలం టిక్కులు, ఇన్నేళ్ల మౌనం

నాకు 32. ఇంటర్ నుంచి ఒకడే ప్రాణస్నేహితుడు. 2017లో పైడితల్లమ్మ సిరిమాను నాటి రాత్రి నా మనసులో మాట వాడికి వాట్సాప్‌లో రాసేశాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. వారం తిరక్కుండా తెలిసినవాళ్లు నన్ను చూసి నవ్వడం మొదలెట్టారు. వాడే చెప్పాడనుకుని నంబరు బ్లాక్ చేశాను. మొన్న ఒక పెళ్లిలో కనబడి, 'ఆ మెసేజి మా అన్నయ్య చూసేసాడ్రా, ఫోను లాగేసుకున్నాడు' అన్నాడు. ఇప్పుడు ఆమదాలవలసలో ఉంటున్నాడు, రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నాం. నాకు ఇష్టం పోలేదు, వాడికీ ఉందనిపిస్తోంది. ఎలా కదపాలి? ఇంట్లో సంబంధాలు కూడా చూస్తున్నారు.
– ఒక పాఠకుడు, విజయనగరం

మీ దగ్గర మూడు మాటలున్నాయి: ఆనాడు ఏం జరిగింది, ఇప్పుడు ఒకరికొకరు ఏమవుతారు, ఇంట్లో ఏం చెప్పాలి. మూడింటినీ ఒకే సాయంత్రం తేల్చేయాలని చూడకండి. మొదటిది తేలాక కనీసం పది పదిహేను రోజులు ఆగి రెండోది ఎత్తండి. అపార్థం తొలగిన ఊపులో అదే రోజు ప్రేమ చెప్పుకున్నవాళ్లకి, లోపల మిగిలిన కోపం నెల తిరిగేసరికి వేరే వేషంలో వస్తుంది. 'ఎవరితో చాటింగు, ఫోనిలా ఇయ్యి' అనే గొడవలు చాలామటుకు అలా పుట్టినవే.

ముందు ఆ టిక్కుల సంగతి. చాట్ తెరుచుకుందని చెబుతాయి గానీ, ఏ చేతిలో తెరుచుకుందో చెప్పవు. ఇంకోటి, 2017 దసరాకి 377వ సెక్షన్ అలాగే ఉంది. ఇద్దరు మగవాళ్లు ఇష్టపడి కలిసినా అప్పట్లో నేరమే. ప్రేమ మాట రాయడం నేరం కాదు, నిజమే. కానీ ఫోను లాక్కున్న అన్నయ్య ఆ తేడా చూస్తాడా? 'పోలీసులు' అన్న ఒక్క మాట చాలు, ఇంటిల్లిపాదీ వణకడానికి. సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని నేరం కాదన్నది 2018 సెప్టెంబరు 6న, అంటే మీ మెసేజికి దాదాపు ఏడాది తర్వాత. మీ స్నేహితుడి మౌనాన్ని ఈ తారీకుల పక్కన పెట్టి చూడండి.

చోటు విషయంలో మొహమాటపడొద్దు. లాడ్జి గది వద్దు, మందు అసలే వద్దు. ఆదివారం అరసవల్లి దారి పడితే కనీసం నలుగురు చుట్టాలు తగులుతారు. మామూలు రోజున నాలుగు గంటలకి కళింగపట్నం తీరమైతే నయం. చీకటి పడకముందే లేవచ్చు, ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చోవచ్చు. సముద్రం వైపు చూస్తూ చెప్పే మాట సగం తేలిక. గంట చాలు.

మొదటి వాక్యం మీ తప్పుతోనే మొదలవ్వాలి: 'నిన్నొక్క మాట అడక్కుండా బ్లాక్ చేశాను, అది నాదే తప్పు.' తర్వాత, 'ఆ రోజు నీకు ఏటయిందిరా?' అని అడిగి ఊరుకోండి. 'ఎందుకు చెప్పలేదు' అనొద్దు, అది నిలదీసినట్టుంటుంది. ఐదు నిమిషాలు మాట పడకపోయినా మీరు పూరించకండి. ఊళ్లో నవ్విందెవరో, ఎవరు పాకించారో వాళ్ల పేర్లు లాగొద్దు. లాగితే కథ మీ ఇద్దరిదీ కాకుండా పోతుంది. పాత మెసేజి స్క్రీన్‌షాట్ దాచి ఉంటే చూపించకండి.

రెండో మాటకి ఒక చిక్కుంది, మన వైపు ప్రత్యేకంగా. మగ స్నేహితులు 'బావా', 'మావా' అని పిలుచుకుంటారు, భుజాల మీద చేతులేసుకుని బజారంతా తిరుగుతారు. ఎవరూ ఏమీ అనుకోరు. ఆ వేళాకోళం చాటునే ఎన్నో ఇష్టాలు దాక్కుంటాయి. అందుకే ఈ మాట ఎగతాళి కలవకుండా చెప్పాలి: 'నాకు నువ్వంటే ఇష్టం, స్నేహితుడిలా కాదు. నీకెలా ఉందో తొందరపడకుండా చెప్పు.' అతను 'ఏటి బావా నీ గోల' అని నవ్వేస్తే మీరూ నవ్వేయకండి, 'ఎగతాళి కాదురా' అని ఒక్కసారి అని ఆపండి. 'తెలీదు' అంటే అది అవును కాదు. వాయిదా అడిగినట్టు. ఇవ్వండి.

ఇక సంబంధాలు. ఫోటో, జాతకం దగ్గరే ఆపండి. అమ్మ మాట కోసమని పెళ్లిచూపులకి వెళ్లొద్దు. తాంబూలాలు పుచ్చుకున్నాక అది రెండు కుటుంబాల పరువైపోతుంది, మధ్యలో నలిగేది ఏ పాపం ఎరుగని ఆ పిల్ల. 'పెళ్లి చేసుకోను' అనడానికి కారణం మొత్తం ఆ రోజే చెప్పక్కర్లేదు. చెప్పదలిస్తే ముందు రెండు చూసుకోండి: మూడు నెలల ఖర్చు మీ ఖాతాలో ఉందా, గొడవైతే పది రోజులు ఉండడానికి ఒక గుమ్మం ఉందా. చాలా ఇళ్లలో అక్కో పిన్నో ముందు వింటారు. ఎవరితో చెప్పినా మీ గురించే చెప్పండి, అతని పేరు ఎత్తకండి. ఒకసారి అతని గుట్టు అతన్ని అడక్కుండానే రట్టయింది కదా.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి 'మార్పిస్తాం' అంటే, ఇది జబ్బు కాదు. ఇలాంటి 'మార్పిడి చికిత్స' చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. మనసు బరువైతే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పాత మెసేజి చూపించి ఎవరైనా డబ్బడిగితే ఒక్క రూపాయీ ఇవ్వకండి. ఒకసారి ఇస్తే రెండోసారి తప్పదు. అడిగిన మాటల ఆధారం దాచి ఫిర్యాదు చేయండి. అది బెదిరించి డబ్బు గుంజడం, భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం.

*

మేమిద్దరం మగవాళ్లం. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. కాగితాల మీద ఏం చేసుకోగలం?
– శ్రీకాకుళం

పెళ్లి రిజిస్టరు కాదు. 2023 అక్టోబరు 17 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో ఆ దారి ప్రస్తుతానికి మూసుకుంది. మిగిలినవి ఒక్కొక్కటిగా చేసుకోవాలి. అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లూ రాయించండి. ఇద్దరు బ్యాచిలర్లకి ఇల్లు దొరకడం కష్టమే, కానీ దొరికాక 'మీరేమవుతారు' అని అడిగేవాళ్లు తక్కువ. బ్యాంకులో ఉమ్మడి ఖాతాకి గానీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోడానికి గానీ అడ్డేమీ లేదని 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థికశాఖ స్పష్టం చేసింది. కౌంటర్లో తెల్లమొహం వేస్తే ఆ తేదీ చెప్పండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు: బ్యాంకు నామినీ డబ్బు అందుకునేవాడే, హక్కుదారు కాడు. వారసులు దావా వేస్తే అప్పగించాల్సిందే. కాబట్టి స్వార్జితానికి వీలునామా రాయండి. తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు. ఇద్దరు సాక్షుల ఎదుట మీరు సంతకం పెట్టాలి, వాళ్లూ పెట్టాలి. అందులో వాటా దక్కేవాళ్లని సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, అన్నదమ్ములున్న ఇంట్లో చేయించడమే మంచిది.