బొమ్మల కోసం ఏడుపా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. మొన్న రాత్రి ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ అనే వీడియో గేమ్ ఆడుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. ఏమైందిరా అంటే "నీకు అర్థం కాదులే అమ్మా" అన్నాడు. తెర మీద బొమ్మల కోసం ఇంతలా ఏడుస్తారా? నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకండమ్మా, అక్కడ నేనూ ఏడ్చాను, అదీ ఈ వయసులో. 2013లో వచ్చిన గేమ్ అది, దర్శకుడు జోసెఫ్ ఫారెస్. జబ్బుపడ్డ నాన్న కోసం అన్నదమ్ములిద్దరు మందు వెతుక్కుంటూ బయల్దేరతారు. మాటలన్నీ ఏదో కల్పిత భాష, ఒక్క ముక్క అర్థం కాదు, అవసరమూ పడదు. అసలు సంగతంతా కంట్రోలర్‌లో, అంటే రెండు చేతులా పట్టుకుని ఆడే పరికరంలో ఉంది: ఎడమవైపు స్టిక్ (బొమ్మను కదిలించే చిన్న పుల్ల), బటన్ అన్నయ్యవి, కుడివైపువి తమ్ముడివి. తల్లి నీళ్లలో మునిగిపోవడం కళ్లారా చూసిన తమ్ముడికి ఈతంటే భయం, అందుకే నీళ్లొస్తే అన్న వీపు పట్టుకునే దాటతాడు. (ఇక కథ చెప్పేస్తున్నా, ఆడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.)

చివర్లో అన్న చనిపోతాడు. గోతిలోకి లాగి మట్టి కప్పేది కూడా మనమే. తిరుగుదారిలో మళ్లీ నీళ్లు. తమ్ముడు దిగనంటాడు, కుడివైపు ఎంత నొక్కినా లాభం లేదు. ఏం తోచక, అన్న పోయినప్పటి నుంచి పనిలేకుండా పడున్న ఎడమచేతి వేలితో అన్న బటన్ ఒకసారి నొక్కుతాం.

తమ్ముడు ఈదుతాడు.

మీవాడు ఏడ్చింది అక్కడే అనుకుంటా. తిట్టకండి. "ఆ నీళ్ల సీన్ నాకూ చూపించరా" అని అడగండి, కాకపోతే పరీక్షలయ్యాక.