అమెరికా పల్లెల్లో సొంత పొలంలో కూడా ఇష్టమొచ్చినట్టు ఇళ్ళు కట్టనివ్వరట, నిజమేనా? ఏ స్థలంలో ఏం కట్టొచ్చో నిర్ణయించే ఈ జోనింగ్ అక్కడ ఎలా మొదలైంది?

నిజమే, కనీసం మా దగ్గర కట్టనివ్వరు. ఈ సంగతి నేను వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), ఆఫీసు కౌంటరు ముందు మా బావ పక్కన నిలబడి నేర్చుకున్నాను. మీరు అమెరికా మొత్తం గురించి అడిగారు, నాకు తెలిసింది ఈ ఒక్క కౌంటీ. అయినా ఇక్కడ మనవాళ్ళకి కొదవ లేదు కాబట్టి ఎవరికో ఒకరికి పనికొస్తుంది.

2018లో మేం నాలుగు కుటుంబాల వాళ్ళం కలిసి నలభై ఒక్క ఎకరాలు కొనాలనుకున్నాం. కౌంటీకి నైరుతి మూల, ఫిలోమాంట్ దగ్గర. తలా పదెకరాలు, నాలుగిళ్ళు, మధ్యలో ఉమ్మడిగా గోంగూర మడి, వీలైతే రెండు ఆవులు. ఆవుల ఆలోచన మా బావది. తెనాలి వదిలి ఇరవై ఏళ్ళయినా ఆయనకి పాడి మీద మమకారం చావలేదు. స్థలం చూపించిన రియల్టరు మనవాడే. "నాలుగు ముక్కలు చేసుకోవచ్చన్నా, ఏం ఢోకా లేదు" అన్నాడు. అమెరికాలో ఉన్నా, అమీర్‌పేటలో ఉన్నా ఈ 'ఢోకా లేదు' మాత్రం ఒకే రాగంలో వినపడుతుంది. అది వినపడగానే జేబు తడుముకోవాలని మాకు అప్పటికి తెలీదు.

నా మనసుకి ఎందుకో శంకగా ఉండి, బయానా ఇచ్చేముందు బావని వెంటబెట్టుకుని లీస్‌బర్గ్‌లో ఉన్న కౌంటీ ఆఫీసుకి వెళ్ళాను. కౌంటరులో ఉన్నావిడ ఆ స్థలం నంబరు కొట్టి, కంప్యూటరు తెర మా వైపు తిప్పింది. ఊరి నక్షాలా ఉంది, రంగురంగులుగా. మా ముక్క ఏఆర్-2 అనే పల్లె, సాగు జోను రంగులో ఉంది.

"ఎన్ని ఎకరాలు?"

"నలభై ఒకటి."

"అయితే ఒక ఇల్లు. వేరే పద్ధతిలో విడగొడితే రెండు."

బావ మొహం చూడాలి! "మా డబ్బుతో మేం కొనుక్కున్నా కూడానా?" అన్నాడు. ఆవిడ నవ్వింది, రోజూ వినే ప్రశ్నే కాబోలు. ఆ రంగులో మామూలుగా నలభై ఎకరాలకు ఒక ఇల్లు, ఇంకో దారిలో వెళ్తే ఇరవైకి ఒకటి అని ఓపిగ్గా చెప్పింది. ఆ వైపు కౌంటీ మురుగు గొట్టం రాదు, బోరూ సెప్టిక్ ట్యాంకూ మీవే, ముందు నేలలో నీళ్ళు ఇంకుతాయో లేదో పరీక్ష చేయించుకోవాలి అని కూడా చెప్పింది. బావ నా వైపు వంగి తెలుగులో, "వీళ్ళ సర్పంచి ఎవరో కనుక్కోరా" అన్నాడు.

మా వెనక వరసలో బురద బూట్లతో ఒక పెద్దాయన ఉన్నాడు. పాడి రైతునని చెప్పుకున్నాడు, ఆవులు మాత్రం ఎప్పుడో అమ్మేశాడట. బయటికొచ్చాక మాట కలిపి, "ఈ గీతలు గీసింది ప్లానర్లు కాదు బాబూ, మురుగు గొట్టం" అన్నాడు. ఇంటికొచ్చి పాత సంగతులు చదివితే ఆయన మాటే నిజమనిపించింది. ఇప్పుడది నా సిద్ధాంతం: గొట్టం ఎంతదాకా పోతే పట్నం అంతదాకా.

1960లో ఈ కౌంటీ జనాభా పాతిక వేలు కూడా లేదు, అంతా పాలూ గడ్డీ. 1962లో కౌంటీ తూర్పు అంచున డల్లెస్ విమానాశ్రయం తెరిచారు. దాని మురుగును వాషింగ్టన్ దాకా తీసుకెళ్ళడానికి పొటోమాక్ నది ఒడ్డు వెంట పెద్ద గొట్టం వేశారు. గొట్టం వచ్చాక తూర్పు పొలాలు ఊరుకుంటాయా? 1960ల మొదట్లోనే స్టెర్లింగ్ పార్క్ అనే కాలనీ లేచింది. 1972లో ఒక జోనింగ్ చట్టం, 1993లో ఇంకొకటి వచ్చాయి. కానీ గొట్టం లేని పడమటి వైపుని చాలాకాలం మూడెకరాలకు ఒక ఇల్లు లెక్కన వదిలేశారు. మూడెకరాలంటే పల్లె కాదండీ, పెద్ద పెరడు. 1990లో 86 వేలున్న జనం 2000 నాటికి లక్షా డెబ్బై వేలయ్యారు. బళ్ళు చాలలేదు, రోడ్లు చాలలేదు, పన్నులు పెరిగాయి.

అప్పుడు జనానికి కోపం వచ్చింది. 1999 ఎన్నికల్లో విస్తరణ ఆపుతామన్నవాళ్ళు కౌంటీని నడిపే బోర్డులో తొమ్మిదింటికి ఎనిమిది స్థానాలు గెలిచారు. 2003లో పడమరంతా పదీ, ఇరవై, యాభై ఎకరాలకు ఒక ఇల్లు అని మార్చేశారు. రైతులు గొల్లుమన్నారు. భూమే వాళ్ళ పింఛను మరి, వాళ్ళ బాధా తప్పు కాదు. అదే ఏడాది చివర ఎన్నికల్లో బోర్డు అవతలి పక్షం చేతికి పోయింది. 2005లో వర్జీనియా సుప్రీంకోర్టు ఆ మార్పును కొట్టేసింది. ఎందుకో తెలుసా? ఏం మారుస్తున్నారో పత్రికలో వేసిన ప్రకటనలో సరిపడా వివరంగా లేదని! అన్నేళ్ళ కొట్లాట ఒక పేపరు ప్రకటన దగ్గర బోర్లా పడింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, కాస్త మెత్తబరిచి, 2006 చివర్లో తెచ్చినవే ఈ ఏఆర్-1, ఏఆర్-2 లెక్కలు. మా బావ ఆవులకి అడ్డం పడ్డది అదే.

మన దగ్గర ఇలాంటి గీతలు లేవని అనుకోకండి. 1996లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 84 ఊళ్ళలో కట్టడాల మీద ఆంక్షలతో 111 జీవో పెట్టారు. 2022లో సడలిస్తూ ఇంకో జీవో ఇచ్చారు. గీత గీయడం మనకీ వచ్చు, దాని మీద నిలబడి కొట్లాడే జనమే తక్కువ. ఇక్కడ బోర్డు మీటింగుకి వెళ్తే రిటైరైన టీచర్లు కాగితం మీద రాసుకొచ్చి మరీ మాట్లాడతారు. మనవాళ్ళు మాత్రం హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) మీటింగుకి కూడా రారు, వాట్సాప్‌లో మాత్రం వీరంగం. హెచ్ఓఏ అంటే గుర్తొచ్చింది. జోనింగ్‌కీ దానికీ సంబంధం లేదు గానీ చెప్పకుండా ఉండలేను. మా పెరట్లో నాలుగు కర్రలు పాతి బీరపాదుకి పందిరి వేస్తే ఉత్తరం పంపారు. పావు ఎకరంలో బీరకాయ పండించుకోలేనివాణ్ణి నేను, నలభై ఎకరాలు కావాలని బయల్దేరాను!

మరి ఈ నియమం వల్ల పల్లె నిలిచిందా? సగం నిలిచింది. రూట్ 50 మీద పడమరకి వెళ్ళి గిల్బర్ట్స్ కార్నర్ దాటండి, కత్తితో కోసినట్టు ఇళ్ళ వరసలు ఆగి రాతిగోడలు మొదలవుతాయి. చూడ్డానికి ఎంత బాగుంటుందో. కానీ అక్కడ ఉండేది రైతులా? పెద్ద ఇల్లు, చుట్టూ గడ్డి. సాగు భూమి కింద రాయించుకుంటే పన్ను తగ్గుతుంది కాబట్టి గడ్డి కోసి చుట్టలు చుట్టించేవాళ్ళు చాలామందే ఉన్నారని నా లెక్క. తూర్పున సంగతి ఇంకోటి. కొన్ని జోన్లలో డేటా సెంటర్లకి (ఇంటర్నెట్ కంప్యూటర్లు పెట్టే పెద్ద గోడౌన్లు) విడిగా బోర్డు ఓటింగు అక్కర్లేకుండానే అనుమతి ఉండేది. అవి పుట్టగొడుగుల్లా లేచి, మేం ఇళ్ళు కొన్న చోట కిటికీ తీస్తే కిటికీల్లేని గోడలే కనపడేలా చేశాయి. 2025 మార్చిలో బోర్డు ఆ వెసులుబాటు తీసేసింది. గుర్రాలు పోయాక లాయానికి తలుపు పెట్టినట్టుంది నాకైతే.

ఆ నలభై ఒక్క ఎకరాలు ఎవరో కొన్నారు. ఒకటే ఇల్లు కట్టారు. అటు వెళ్ళినప్పుడల్లా బావ కారు నెమ్మది చేయించి, గడ్డి చుట్టలు లెక్కపెట్టి, "అదుగో, అక్కడే మన కొట్టం" అంటాడు. కిందటేడు ఆయన మనసు చంపుకోలేక గుంటూరు వైపు ఒక వెంచర్‌లో మూడొందల గజాలు కొన్నాడు, వీడియో కాల్‌లో చూసి. రోడ్లు బాగున్నాయి, ఆర్చి కూడా ఉంది. మురుగు ఎటు పోతుందో అడుగు బావా అన్నాను. అడిగాడు.

"రోడ్డు పక్కకండీ, ఏం ఢోకా లేదు" అన్నాడట.