కోతల కాలంలో పరీక్షలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 35 ఏళ్లు. ఇంటర్మీడియెట్ పూర్తయిన వేసవిలోనే పెళ్లి కావడంతో చదువు ఆగిపోయింది. కొన్నేళ్లుగా ఒక రైసు మిల్లులో కంప్యూటర్ మీద లెక్కలు రాస్తున్నాను. ఉదయం తొమ్మిదికి వెళితే ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర అవుతుంది. మావారు నాలుగు ఎకరాలు కౌలుకు చేస్తారు. బాబు ఏడో తరగతి, పాప నాలుగో తరగతి. అత్తయ్యగారికి షుగరు ఉంది, పథ్యం వేరుగా వండాలి. డిగ్రీ ఉంటే జీతం పెంచి అకౌంటెంటుగా తీసుకుంటామని మిల్లు యజమాని అన్నారు. దూరవిద్యలో బీకాం చేయాలని ఉంది. మావారు వద్దనరు గానీ సరేననీ అనరు. అత్తయ్యగారు మాత్రం "ఈ వయసులో చదివి ఎవరిని ఉద్ధరించాలి?" అంటున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదువుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. మీ సలహా చెప్పగలరు.

సమాధానం: తప్పకుండా చేరండి అమ్మా. అయితే నాలుగింటికి లేచి చదువుకుంటానన్న ఆలోచనను మాత్రం నేను సమర్థించలేను. ఇంటి పనిలో ఒక్కటీ తగ్గకుండా, కేవలం మీ నిద్రలోంచే చదువుకు సమయం తీసుకునే ఏర్పాటు ఎక్కువ కాలం నిలవదు. పగలంతా అంకెలతో పని చేసే మనిషికి నిద్ర చాలకపోతే బస్తాల లెక్కలో ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది, ఆ తప్పు చివరికి చదువు మీదికే పోతుంది. ఎవరికీ ఇబ్బంది లేకుండా చదవాలన్న మీ కోరిక మంచితనం వల్ల పుట్టిందే, కానీ ఇంట్లో ఎవరో ఒకరు కొంత సర్దుకోకుండా ఈ చదువు సాగదు. ఆ సర్దుబాటు ఏమిటో ఫీజు కట్టకముందే మాట్లాడుకోవాలి.

ముందు ఎంత సమయం కావాలో చూద్దాం. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, ఒక క్రెడిట్‌ను 30 గంటల అధ్యయనంగా లెక్కిస్తుంది. డిగ్రీకి 120 క్రెడిట్లు అనుకున్నా 3,600 గంటలు. మూడేళ్లలో ముగించాలంటే వారానికి దాదాపు 23 గంటలు కావాలి, ఉద్యోగమూ ఇల్లూ ఉన్న మీకు అది అసాధ్యమనే చెబుతాను. అయితే మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల వరకు పూర్తి చేసుకునే వీలు అక్కడ ఉంది. ఆరేళ్లకు పంచితే వారానికి పదకొండున్నర గంటలు చాలు. మొదటి రోజు నుంచే మీరు ఆరేళ్ల చదువు అనుకుని చేరండి. నాలుగేళ్లకో ఐదేళ్లకో అయిపోతే సంతోషమే, కానీ మూడేళ్లని ఇంట్లో మాట ఇచ్చి తర్వాత పొడిగించుకుంటూ పోతే "ఇంకా ఎన్నాళ్లు?" అన్న ప్రశ్న ఏటా వస్తుంది.

ఆ పదకొండున్నర గంటలు ఎక్కడివి? వారంలో నాలుగు రోజులు రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది వరకు, మిగిలింది ఆదివారం. ఆ నాలుగు రాత్రులు మీరు పొయ్యి దగ్గర ఉండకూడదు, పిల్లల హోంవర్కూ చూడకూడదు. కూర, పప్పు పొద్దుటే రెండు పూటలకూ వండి ఉంచవచ్చు, రాత్రికి అన్నం ఒక్కటే పెట్టుకోవడం మీ వారికి గానీ ఏడో తరగతి చదివే మీ అబ్బాయికి గానీ కష్టం కాదు. వంటగదిలోకి మగపిల్లవాణ్ని పంపడమేమిటని ఎవరైనా అంటే అననివ్వండి, ఆ పని వాడికీ పనికొస్తుంది. పాప ఎక్కాలు, డిక్టేషను మీ వారు చూడాలి. ఆయన "సరే" అనకపోవడానికి కారణం అయిష్టం కాకపోవచ్చు. తనను ఏమి చేయమంటున్నారో తెలియని మనిషి సరే అనలేడు. "నేను చదువుకుంటాను" అని కాకుండా "ఈ నాలుగు రాత్రులు పాప చదువు మీరు చూడండి" అని అడిగి చూడండి.

అత్తయ్యగారి మాటను మనసులో పెట్టుకోకండి. కోడలు పుస్తకం పట్టుకుంటే తన మందూ మాత్రా, తన గోధుమ రవ్వ అన్నం ఎవరు చూస్తారన్న బెంగ పెద్దవాళ్లకు ఉంటుంది, దాన్ని నేరుగా చెప్పలేక వయసు మీద పెట్టి అంటారు. ఆవిడ భోజనం వేళ మారదని అందరికంటే ముందు ఆవిడకే చెప్పండి.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇగ్నో పరీక్షలు జూన్‌లోనూ డిసెంబరులోనూ జరుగుతాయి. డిసెంబరు నాటికి గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్) కోతలు, మాసూళ్లు (నూర్పిళ్లు) నడుస్తూ ఉంటాయి, వెనువెంటనే దాళ్వాకు (రబీ పంటకు) నారుమడులు సిద్ధం చేయాలి, మీ మిల్లుకు కొత్త ధాన్యం లోడ్లు వచ్చేదీ అప్పుడే. అంటే మీ వారికీ మీకూ ఒకేసారి ఊపిరి సలపని నెల అది. జూన్ కొంత నయం. దాళ్వా ధాన్యం హడావిడి అప్పటికి తగ్గుముఖం పడుతుంది, నెల మొదట్లో పిల్లలు ఇంకా సెలవుల్లోనే ఉంటారు కనుక వాళ్లను అమ్మమ్మగారింట్లో మరో వారం ఉంచవచ్చు. అన్ని పేపర్లూ ఒకేసారి రాయాలన్న నిర్బంధం లేదు, పరీక్ష ఫీజు కూడా పేపరుకు ఇంత అని కడతారు. కాబట్టి బరువైన పేపర్లు జూన్‌కు పెట్టుకుని, డిసెంబరులో తేలికైనవి ఒకటో రెండో రాయండి. కోతల వారాల్లో పుస్తకం తెరవలేకపోతే బాధపడకండి, ఆ వారాలను లెక్కలోంచి ముందే తీసేసుకోండి.

మొత్తం మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లకు, 70 శాతం పరీక్షకు ఉంటుంది. అసైన్‌మెంట్లు చేతితోనే రాయాలి. ఇన్నేళ్లుగా కంప్యూటర్లో అంకెలు కొట్టే చేతికి రెండు మూడు గంటలు ఏకధాటిగా రాయడం మొదట్లో నిజంగానే కష్టం, అరగంటకే వేళ్లు పట్టేస్తాయి. చేరిన వారం నుంచే రోజుకొక పేజీ రాయడం అలవాటు చేసుకోండి. ఇంకొక విషయం: ఇగ్నో పుస్తకాలు ప్రధానంగా ఇంగ్లీషు, హిందీ భాషల్లో ఉంటాయి. ఈజ్ఞానకోశ్ అనే వాళ్ల వెబ్‌సైటులో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి కనుక అకౌంటెన్సీ పాఠం ఒకటి ఫోనులో చదివి చూడండి. మరీ ఇబ్బంది అనిపిస్తే, ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి మన రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల దూరవిద్యా విభాగాలను ఏ కోర్సు ఏ మాధ్యమంలో ఉందో అడిగి, ఆ తర్వాతే నిర్ణయించుకోండి.

ప్రశ్న: మాది రాజోలు వైపు. కువైట్‌లో కొన్నేళ్లు ఇంటిపని చేసి తిరిగి వచ్చాను. వయసు 38. తొమ్మిదో తరగతితో బడి మానేశాను. ఇప్పుడు ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకున్నాను. ఒక ఏజెంటు డబ్బు కడితే ఒకే ఏడాదిలో పది, ఇంటర్, డిగ్రీ సర్టిఫికెట్లు వచ్చేస్తాయంటున్నాడు. నమ్మవచ్చా?

సమాధానం: నమ్మవద్దు. ఒక్క రూపాయి గానీ, ఒక్క ఒరిజినల్ కాగితం గానీ, ఆధార్ ఓటీపీ గానీ ఆయన చేతిలో పెట్టవద్దు. డిగ్రీ సాధారణంగా మూడేళ్ల చదువు, ఒక్క ఏడాదిలో రాదు. "వన్ సిట్టింగ్" అని అమ్మే పట్టా ఏ ఉద్యోగం దగ్గరా తనిఖీలో నిలబడదు, పైగా కేసులో ఇరుక్కునేది ఆ కాగితం చూపించినవారే. దూరవిద్యలో డిగ్రీ చదవాలంటే ఆ సంస్థకూ ఆ కోర్సుకూ ఆ విద్యాసంవత్సరానికి అనుమతి ఉందో లేదో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) దూరవిద్యా బ్యూరో వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. చేరే విద్యార్థి తన ఆధార్‌తో డెబ్ ఐడీ, అంటే ఆ బ్యూరో ఇచ్చే విద్యార్థి గుర్తింపు సంఖ్య, కూడా స్వయంగా తీసుకోవాలి.

కువైట్‌లో అన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న సొమ్ము అది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మీరు మొదలుపెట్టవలసిన చోటు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఓపెన్ స్కూల్, పదో తరగతి. తెలుగు మాధ్యమంలోనే రాయవచ్చు, వయసు ఎక్కువైందని ఎవరూ కాదనరు. అన్నీ ఒకేసారి పాసు కానవసరం లేదు, పాసైన సబ్జెక్టును మళ్లీ రాయనక్కర్లేదు. పదో తరగతి తర్వాత ఇంటర్ కూడా అక్కడే ఉంది. కుట్టుపని ఇంట్లోనే కాబట్టి వేళ మీ చేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, పండగలకూ పెళ్లిళ్లకూ జాకెట్ల గిరాకీ మీద పడినప్పుడు మొదట పక్కకు పోయేది పుస్తకమే. రోజూ ఏ రెండు గంటలు మిషను మూత పెట్టి ఉంటుందో ఇప్పుడే నిర్ణయించి, ఆ వేళలో జాకెట్లు ఇవ్వడానికి రావద్దని మీ దగ్గర కుట్టించుకునేవాళ్లకు చెప్పండి. ప్రవేశాల గడువు, దగ్గరలోని అధ్యయన కేంద్రం వివరాలు ఊళ్లోని ప్రభుత్వ హైస్కూలు ప్రధానోపాధ్యాయులను అడిగితే చెబుతారు.