మేకు కొట్టనివ్వని ఇంట్లో

కిరాయి ఇళ్ల అలంకరణ గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఐదింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం. నయీంనగర్‌లో మూడో అంతస్తులో ఫ్లాటు కిరాయికి తీసుకున్నాం. హాలు 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. కిటికీ పడమర వైపు, 4 అడుగుల వెడల్పు. గోడలకు లేత ఆకుపచ్చ డిస్టెంపర్. ఓనరు మేకు కొట్టనియ్యడు, రంగు మార్చనియ్యడు. సామాను అంటే ఒక దీవాను, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, చెప్పుల స్టాండు. మా దగ్గర 12 వేలున్నాయి. ఎవరన్నా వస్తే ఇల్లు చక్కగున్నది అనాలె. ఏం కొనాలి? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు ఏం కొనకూడదో చెప్తాం. గోడ స్టిక్కర్లు, నేల మీద అంటించే వినైల్ షీటు జోలికి పోకండి. ఇల్లు ఖాళీ చేసేనాడు వాటిని వెంట తీసుకుపోలేరు. పైగా అవి చేసే పాడు అడ్వాన్సులోంచి పోతుంది. మీ 12 వేలూ గుడ్డ మీద, వెలుతురు మీద పెట్టండి. జంపఖానాకు 5 వేలు, కర్టెన్లకు 2 వేలు, దీపాలకు 1,500, గోడ కోసం 1,500 అనుకోండి. మిగిలే 2 వేలు నెల దాకా ముట్టొద్దు. అందులో ఉంటే తప్ప ఆ ఇంటికి ఏం తక్కువైందో తెలియదు.

మొదలు వెలుతురుతో పెట్టండి. కిరాయి ఇంటికి కిరాయి ఇంటి ముఖం తెచ్చేది గోడ రంగు కన్నా నడి గోడకున్న తెల్ల ట్యూబులైటే. ఆ 6500 కెల్విన్ (వెలుతురు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు పెరుగుతుంది) నీలి తెలుపు కింద లేత ఆకుపచ్చ గోడ ఆసుపత్రి గోడలా కనిపిస్తుంది. ట్యూబు తీయనక్కర్లేదు, బట్టలు ఇస్త్రీ చేయడానికి, లెక్కలు రాసుకోవడానికి అది కావాలి. సాయంత్రాలకు మాత్రం ఎదురెదురు మూలల్లో ఒక్కోటి చొప్పున రెండు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పెట్టండి. డబ్బా మీద 2700 కెల్విన్ గానీ 3000 కెల్విన్ గానీ ఉండాలి. ఉత్త ‘వార్మ్’ అన్న మాట చూసి కొనొద్దు, అంకె చూడండి. ఒకటి 2700, ఇంకోటి 4000 అయితే రెండు మూలలూ రెండు వేర్వేరు ఇళ్లలా ఉంటాయి.

దీపానికి షోరూం ల్యాంపు అవసరం లేదు. మేదరి వాళ్ల దగ్గర అల్లిక పలుచగా ఉన్న వెదురు బుట్టలు రెండు తీసుకోండి. మూతి అడుగు వెడల్పు, ఎత్తు కూడా అంతే ఉండాలి. 6 అంగుళాల చదరపు చెక్క ముక్క మీద బ్యాటెన్ హోల్డర్ బిగించి, రెండు తీగల 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు 3 మీటర్లు, చివర ప్లగ్గు పెట్టించండి. ఎలక్ట్రీషియన్‌కు పది నిమిషాల పని. చెక్కను స్టూలు మీద పెట్టి, బల్బు బిగించి, పైన బుట్ట బోర్లించండి. వైరు బయటికి రావడానికి బుట్ట అంచులో ఒక బద్ద కోయాలి. లేకపోతే బుట్ట వైరు మీదే కూర్చుని కొన్నాళ్లకు పైతొడుగు నలిగిపోతుంది. బల్బుకు అన్ని వైపులా కనీసం 2 అంగుళాల ఖాళీ ఉండాలి. ఎల్‌ఈడీ అడుగు భాగం వేడెక్కుతుంది, గాలి ఆడకపోతే తొందరగా పోతుంది. ఇంట్లో ఉందికదా అని పాత 60 వాట్ల బల్బు మాత్రం ఈ బుట్ట కింద పెట్టకండి, ఎండు వెదురు మాడి అంటుకునే ప్రమాదం ఉంది. దీపం వెలిగించాక గోడ మీద పడే అల్లిక నీడే మీకు వాల్‌పేపరు.

ఇక కర్టెన్లు. మే నెలలో 43 డిగ్రీలు దాటే ఊళ్లో పడమటి కిటికీకి పలుచని నెట్టు కర్టెన్ వేస్తే సాయంత్రం నాలుగింటికి హాల్లో కూర్చోలేరు. బీరువాలో కట్టని నూలు చీర ఉంటే అది చాలు. చీర 5.5 మీటర్లు, అంటే సుమారు 18 అడుగులు. పన్నా 45 అంగుళాలు. కొంగు లేని కొస నుంచి కొలిచి, 7 అడుగుల 9 అంగుళాల చొప్పున రెండు ముక్కలు కత్తిరించండి. పైన రాడ్డు దూరడానికి 4 అంగుళాలు, కింద మడతకు 4, కుట్టు లోపలికి 1 పోగా 7 అడుగుల కర్టెన్ వస్తుంది. చీర అంచులు రెండు పక్కలా నిలువుగా దిగుతాయి, వేరే లేసు అక్కర్లేదు. రెండు ముక్కలు కలిపి 90 అంగుళాలు, కిటికీ 48 అంగుళాలు. దాదాపు రెట్టింపు కాబట్టి మూసినప్పుడు కూడా కుచ్చులు నిలుస్తాయి. ఒక్క ముక్కే వేసి లాగి సరిపెడితే ఆరేసిన తువ్వాలలా ఉంటుంది.

మిగిలేది కొంగు, సుమారు రెండున్నర అడుగులు. అందులోంచి 17 అంగుళాల చదరాలు రెండు వస్తాయి. దీవాను మీద 16 అంగుళాల కుషన్లు రెండింటికి ముందు వైపు అవే, వెనక వైపు కోరా గుడ్డ. కర్టెన్‌కు లైనింగు కూడా కోరా గుడ్డే వేయించండి, కిటికీ వైపు తెల్లగా ఉంటే ఎండను వెనక్కి కొడుతుంది. కోరాను కుట్టించే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. ఈ ఒక్క పని మరిచిపోతే మొదటి ఉతుకుకే లైనింగు కుంచించుకుపోయి, చీర కింద సంచిలా ఉబ్బుతుంది. టైలరు తప్పేమీ లేదు అందులో.

రాడ్డుకు బ్రాకెట్లు లేకపోతే కిటికీ గూట్లో స్ప్రింగు రాడ్డు పట్టిస్తే మేకు అక్కర్లేదు. ఇది నాలుగడుగుల దాకా బాగానే నిలుస్తుంది, అంతకు మించితే నడుమ వంగుతుంది. డిస్టెంపర్ గోడ నున్నటి పొడిలా ఉంటుంది కాబట్టి రబ్బరు కొసలు జారతాయి. పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు అడ్డం పెట్టండి. గూట్లో కట్టినప్పుడు కర్టెన్ పొడవు కిటికీ గట్టు దాకానే కదా, కోసే ముందు ఆ కొలత తీసుకోండి.

జంపఖానా గురించి ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు ఎవరో చెప్పాల్సిన పని లేదు గానీ, ఆన్‌లైన్‌లో పాలిస్టర్ కార్పెట్ తెప్పించుకుని, కొత్తవాడ మగ్గాల వైపు ఒక్కసారీ పోనివాళ్లు చాలామందే ఉన్నారు. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలుతో బల్లపరుపుగా నేసింది కాబట్టి రెండు వైపులా వాడొచ్చు, దులిపితే దుమ్ము పోతుంది, మడిచి ఆటోలో పెట్టుకుని ఇంకో ఇంటికి పోవచ్చు. మీ హాలుకు 5 × 8 అడుగులది సరైన కొలత, బడ్జెట్‌కు అందకపోతే 4 × 6. అంతకన్నా చిన్నది కొంటే నడి హాల్లో కాళ్లు తుడుచుకునే పట్టాలా కనిపిస్తుంది. కొనక ముందే పాత పేపర్లు ఆ కొలతకు నేల మీద పరిచి రెండు రోజులు వాటి చుట్టూ తిరగండి. దీవాను ముందు కాళ్లు జంపఖానా మీదికి 6 అంగుళాలు ఎక్కాలి, అప్పుడే రెండూ ఒక జట్టుగా కనిపిస్తాయి. కొనేటప్పుడు తడిపిన తెల్ల గుడ్డతో ఎరుపు చోట, నీలం చోట గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఇంకోటి అడగండి. టైల్స్ మీద జారకుండా కింద రబ్బరు వల వేయండి. నెలకోసారి తిరగేస్తే ఎండ పడే కొస ఒక్కటే వెలిసిపోదు.

రంగుల మాట. గోడ లేత ఆకుపచ్చ గనుక గోధుమ రంగు, కోరా తెలుపు, కొంచెం ఇటుక ఎరుపు తీసుకోండి. చీరకు పూలుంటే జంపఖానాకు చారలు చాలు, కుషన్లలో మూడో డిజైన్ తేవొద్దు.

గోడకు మిగిలింది పాత క్యాలెండర్ మేకు. ఏ ఇంట్లోనైనా ఒకటి ఉంటుంది. దానికి వెదురు కర్ర కట్టి, రెండడుగుల చేనేత గుడ్డ వేలాడదీయండి. లేకపోతే చెప్పుల స్టాండు మీద ఫ్రేము కట్టిన అద్దం గోడకు ఆనించి పెట్టండి. కిటికీ ఎదురుగా వద్దు, పడమటెండ తిరిగి కళ్లలో కొడుతుంది. పక్క గోడకు పెట్టండి.

ప్రశ్న: రెండేళ్ల కింద బెడ్రూం గోడకు ఇటుకల డిజైన్ స్టిక్కర్ వేశాం. మొన్నటి వానలకు కింద ఉబ్బింది, వాసన వస్తోంది. పీకితే రంగు ఊడుతుందేమో. వచ్చే నెల ఖాళీ చేయాలి. – ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: రంగు ఊడుతుంది. దాచి లాభం లేదు. డిస్టెంపర్‌ను అరచేత్తో రుద్దితే పొడి అంటుతుంది చూడండి, స్టిక్కర్ జిగురు పట్టుకున్నది ఆ పొడినే, గోడను కాదు. కింద ఉబ్బడానికి కారణం వేరే, గోడలో చెమ్మ. ప్లాస్టిక్ పొర మూసేయడంతో అది బయటికి పోలేక లోపలే బూజు పట్టింది.

తలుపు వెనక ఒక మూల నుంచి మొదలుపెట్టండి. హెయిర్ డ్రయ్యర్ ఆరంగుళాల దూరంలో పెట్టి అర నిమిషం వేడి చేసి, స్టిక్కర్‌ను దాని మీదికే మడుస్తూ గోడ వెంట కిందికి మెల్లగా లాగండి. గోడకు ఎదురుగా మన వైపు గుంజితే లప్పం పెచ్చులతో సహా వస్తుంది. మొత్తం తీశాక రెండు వారాలు ఫ్యాన్ వేసి ఆరనివ్వండి. తెల్లగా ఉప్పు పొంగి ఉంటే పొడి బ్రష్‌తోనే దులపండి, తడిగుడ్డ పెడితే ఉప్పు మళ్లీ గోడలోకి కరిగి ఆరగానే బయటికి వస్తుంది.

తర్వాత చెమ్మ ఎక్కడిదో తేల్చండి. రెండడుగుల ప్లాస్టిక్ కవరు నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి 24 గంటలు ఉంచాలి. నీటి బొట్లు గోడ వైపు ఉంటే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు, గది వైపు ఉంటే గాలిలోని తేమ. మొదటిదైతే అది మీ ఖర్చు కాదు. ఫొటోలు తీసి ఓనరుకు ఇప్పుడే చూపండి, తాళాలు ఇచ్చేరోజున కాదు. ఊడిన లప్పం, రంగు మాత్రం మీరే వేయించాలి. అది న్యాయం కూడా.

ప్రశ్న: మా ఇంట్లో గోడ షెల్ఫులన్నీ కడప బండలతో కట్టినవి, తలుపుల్లేవు. సామానంతా బయటికి కనిపించి చికాకుగా ఉంది. – ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: రెండు పక్కలా గోడ ఉంటే స్ప్రింగు రాడ్డు. లేకపోతే నున్నగా పాలిష్ పట్టిన బండ అంచు మీద అంటించే హుక్కులు బాగానే నిలుస్తాయి. ముందు స్పిరిటుతో తుడవాలి, అంటించాక గంట దాకా బరువు వేయొద్దు. రెండు హుక్కుల నడుమ ప్లాస్టిక్ తొడుగున్న స్ప్రింగు తీగ కట్టండి. తీగను అడుగుకు అంగుళం చొప్పున తక్కువ కోస్తేనే బిగువు ఉంటుంది, లేకపోతే నడుమ వేలాడుతుంది. గుడ్డ గోడ రంగుకు దగ్గరగా తీసుకోండి. పూల గుడ్డ వేస్తే దాచాలనుకున్న గూడే ముందు కనిపిస్తుంది.

ప్రశ్న: హాల్లో మన జిల్లాల పనితనం కనిపించాలని కోరిక. పెంబర్తి, చేర్యాల, నిర్మల్… అన్నీ కొనే స్తోమత లేదు. ఒకటి కొనాలంటే ఏది? – ఒక విద్యార్థిని, జనగామ

జవాబు: చేర్యాల బొమ్మ చిన్నది ఒకటి. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పట్టించి దాని మీద నకాషీ కళాకారులు వేసేది. ఎర్రటి నేపథ్యం దూరం నుంచే కన్ను లాగుతుంది, గోడకు ఇంకేమీ అక్కర్లేదు. అంబలి పూత ఉంది కాబట్టి చెమ్మ, పురుగు రెండూ దానికి శత్రువులే. అద్దం ఫ్రేము కట్టించండి, బొమ్మ అద్దానికి తగలకుండా నడుమ సన్నని అట్ట అంచు పెట్టమనండి. నేరుగా ఎండ పడే గోడ వద్దు.

మీ ఊరికి పెంబర్తి పక్కనే కదా, ఇత్తడి చిన్న పళ్లెం ఒకటి తర్వాతెప్పుడైనా తెచ్చుకోవచ్చు. పైన వార్నిష్ పూత ఉందా అని అడిగి తీసుకోండి. పూత ఉన్నదాన్ని చింతపండుతో తోమితే అక్కడక్కడ లేచి మచ్చలు పడుతుంది, మెత్తని పొడి గుడ్డ చాలు. నిర్మల్ బొమ్మలు తేలికైన పొనికి చెక్కవి. షెల్ఫు మీద అందంగా ఉంటాయి గానీ, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో చేతికందే ఎత్తులో వద్దు.

ప్రశ్న: ఓనరు ఒప్పుకుంటేనే టీవీకి నాలుగు రంధ్రాలు వేయించాం, 8 మిల్లీమీటర్లవి. ఇప్పుడు పూడ్చి ఇవ్వమంటున్నాడు. మనమే చేసుకోవచ్చా? – ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: చేసుకోవచ్చు. రంధ్రంలో స్క్రూ పట్టుకోవడానికి దూర్చిన ప్లాస్టిక్ గట్టా ఉంటుంది. స్క్రూ సగం దాకా తిప్పి, కటింగ్ ప్లేయర్‌తో స్క్రూను గుంజితే గట్టా దాంతోనే వస్తుంది. స్క్రూ లేకుండా పొడిచి తీస్తే రంధ్రం రెట్టింపవుతుంది. దుమ్ము ఊది, లోపల కొంచెం నీళ్లు చిలకరించండి. పొడి గోడ లప్పంలోని నీళ్లు పీల్చేసుకుంటే అది గట్టిపడక రాలిపోతుంది. లప్పం పొడి మూడు పాళ్లు, నీళ్లు ఒక పాలు కలిపి చపాతీ పిండి కన్నా కాస్త మెత్తగా చేయండి. మొదటిసారి గోడ మట్టానికి 2 మిల్లీమీటర్లు తక్కువగా నింపాలి. ఆరేకొద్దీ కుంగుతుంది కాబట్టి ఒకేసారి నిండా నింపితే మర్నాటికి గుంట పడుతుంది. ఆరు గంటలాగి రెండో పూత, మర్నాడు 180 నంబరు ఎమ్రీ పేపరు.

తిరకాసు రంగు దగ్గరే. డబ్బా మీది షేడ్ నంబరే తెచ్చినా, గోడ మీది పాత రంగు వెలిసి ఉంటుంది గనుక నాలుగు చుక్కలు నాలుగు మచ్చల్లా కనిపిస్తాయి. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఆ గోడ ఒక్కటీ పూర్తిగా వేయండి. రెండు గోడలు కలిసే చోట తేడా కంటికి ఆనదు.