రిజెక్ట్ బిన్ ఏం చెప్తోంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒక్క మెషీన్ చుట్టూనే తిరిగాయి. మాత్రల పైభాగం ఎలా ఉందో చూసి, బాగాలేనివి బయటికి కొట్టే టాబ్లెట్ ఇన్‌స్పెక్షన్ మెషీన్ అది. మాత్రలు వేసుకునేవాళ్ళూ రాశారు, ఆ మెషీన్ నడిపేవాళ్ళూ రాశారు, అందరికీ కలిపి ఒకేచోట చెప్పేస్తున్నాం.

ప్రశ్న: స్ట్రిప్‌లోంచి తీసిన మాత్ర మీద సూదిమొనంత నల్ల చుక్క ఉంది, దాని పక్క మాత్రకేమో అంచు విరిగి ఉంది. ఫ్యాక్టరీలో వీటిని ఎవరూ చూడరా అండీ? వేసుకోవచ్చా, పారేయాలా? (ఒక గృహిణి)

వేసుకోకండమ్మా, పారేయకండి కూడా. బ్యాచ్ నంబర్ ఉన్న ముక్క చిరగకుండా ఆ స్ట్రిప్‌ని కొన్నచోట ఫార్మసిస్ట్‌కి చూపించి వేరేది తీసుకోండి, అంతేగానీ ఈ వంకతో మందు మానేయొద్దు. అంచు విరగడం చాలాసార్లు మనం రేకులోంచి బొటనవేలితో నొక్కి తీసేటప్పుడే జరుగుతుంది, విరిగిన ముక్క, పొడి ఆ గుంటలోనే ఉంటే అక్కడే విరిగిందని అర్థం. నల్ల చుక్క సంగతి వేరు. మాత్రలు నొక్కే ప్రెస్‌లో పై పంచ్‌లు (పొడిని నొక్కి మాత్ర చేసే ఉక్కు కడ్డీలు) కిందికీ పైకీ కదలాలంటే నూనో గ్రీజో ఉండాలి కదా, అది మందు పొడితో కలిసి నల్లటి జిడ్డు ముద్దలా మారి ఒక్కోసారి కింద పడుతుంది, దాన్ని ఆపడానికే పంచ్‌లకి చిన్న రబ్బరు కప్పులు తొడుగుతారు, ఆ కప్పు చిరిగితే ఇదీ ఫలితం. ఎండబెట్టేటప్పుడు మాడిన రేణువు కూడా కావొచ్చు. కంటితో చూసి అది ఏమిటో ఎవరూ చెప్పలేరు, మేము అసలే చెప్పలేం, అందుకే వేసుకోవద్దన్నాం.

ఇక చూడరా అన్నారు కదా, చూస్తారమ్మా, ఎలా చూస్తారన్నదే కింద ప్రశ్న.

ప్రశ్న: గంటకి లక్ష మాత్రలు చూస్తుందని మా సీనియర్స్ చెప్తే నమ్మబుద్ధి కాలేదు సార్. లోపల అసలు ఏం జరుగుతుంది? (బీఫార్మసీ విద్యార్థి)

నమ్ము తమ్ముడూ, లక్ష దాటేవి కూడా ఉన్నాయి. గంటకి లక్ష అంటే సెకనుకి 28 మాత్రలు. పైన హాపర్‌లో పోస్తే, వణికే ట్రే వాటిని విడదీసి వరసల్లో పెడుతుంది, ముందే డీడస్టర్‌లో పొడి దులిపి పంపాలి (ఈ మాట మళ్ళీ వస్తుంది గుర్తుపెట్టుకో). తర్వాత బెల్ట్ మీదో, గాలి పీల్చి పట్టుకునే డ్రమ్ మీదో మాత్ర ఒక్కొక్కటే కెమెరాల కిందకి వెళ్తుంది, ఒకవైపు ఫోటో అయ్యాక ఇంకో బెల్టో డ్రమ్మో దాన్ని అందుకుంటుంది, అప్పుడు కిందవైపు పైకొస్తుంది. అంచు చుట్టూ చూడ్డానికి పక్క కెమెరాలు ఉంటాయి, కొన్ని మెషీన్లలో అద్దాలు వాలుగా పెట్టి ఒకే కెమెరాతో పైభాగం, పక్కలు కలిపి తీసేస్తారు.

అసలు కష్టం కదిలేదాన్ని స్పష్టంగా పట్టుకోవడం. లెక్క చూడు, బెల్ట్ సెకనుకి ఒక మీటరు పోతోంది, ఫోటోలో ఒక చుక్క (పిక్సెల్) 0.05 మి.మీ.కి సమానం అనుకుందాం. ఫోటో చెదరకూడదంటే వెలుగు సెకనులో 20 వేలో వంతు మాత్రమే పడాలి, అంతకన్నా ఎక్కువసేపు పడితే మాత్ర ఒక చుక్క జరిగిపోతుంది, నల్ల మచ్చ కాస్తా బూడిదరంగు గీతైపోతుంది. అందుకే ఎల్‌ఈడీలని ఫ్లాష్‌లా గట్టిగా వెలిగించి ఆర్పేస్తారు. ఈ మెషీన్‌లో కెమెరా కన్నా లైటే ముఖ్యం అని మా అభిప్రాయం, కొనేవాళ్ళు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్ అని అడుగుతారు గానీ లైటు ఏ కోణంలో పడుతోందని ఎవరూ అడగరు. తెల్ల మాత్రలో తెల్లగానే చిన్న పెచ్చు లేచిపోయిందనుకో, నిండుగా పైనుంచి వెలుగు పడితే అది కనబడదు, రంగు ఒకటే కదా. అదే లైటుని పక్కనుంచి, బాగా కిందనుంచి వేస్తే గుంటలో నీడ పడి దొరికిపోతుంది. సాయంత్రం ఎండలో రోడ్డు మీద చిన్న గుంట కూడా పెద్దగా కనబడదూ, అలాగే. కొన్ని మెషీన్లు మాత్ర మీద లేజర్ గీత వేసి ఆ గీత వంపుని బట్టి ఎత్తుపల్లాలు కొలుస్తాయి, అచ్చు అక్షరం లోతు తగ్గిందా, పై పొర లేచిందా అన్నది అలా తెలుస్తుంది.

ఫోటో వచ్చాక మంచి మాత్ర ఎలా ఉండాలో ముందే నేర్పిన రెసిపీతో పోల్చి చూస్తుంది, ఆకారం, సైజు, రంగు, మచ్చ, అక్షరం. తేడా ఉంటే ఆ మాత్ర నాజిల్ ముందుకి వచ్చిన క్షణంలో గాలి ఊది పక్కకి తోసేస్తుంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, కొన్ని డిజైన్లలో చెడ్డదాన్ని కాదు, మంచిదాన్ని ఊది మంచి డ్రమ్‌లోకి, అంటే మంచి మాత్రలు పట్టే డబ్బాలోకి పంపుతారు, ఊదనిది దానంతటదే రిజెక్ట్‌లో పడుతుంది. ఎందుకంటే కంప్రెసర్‌లో గాలి తగ్గిపోతే మొదటి రకంలో చెడ్డవి మంచివాటితో కలిసిపోతాయి, రెండో రకంలో మంచివి నష్టపోతాం అంతే. మేమైతే రెండోదానికే ఓటేస్తాం.

ప్రశ్న: తెల్ల మాత్రలు హాయిగా పోతాయి సార్, ఎర్రగా మెరిసే కోటింగ్ మాత్రలు పోసిన రోజు మాత్రం మంచివి కూడా బయటికి కొట్టేస్తోంది. సెన్సిటివిటీ తగ్గించు అంటున్నారు పైవాళ్ళు. తగ్గించాలా? (మెషీన్ ఆపరేటర్)

ముందే ఆ నాబ్ జోలికి పోవద్దు. ముందు కెమెరా ముందున్న గాజు తుడువు, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. గాజు మీద పొడి పేరుకుంటే ప్రతి ఫోటోలో ఒకే చోట మచ్చ కనబడుతుంది, రిజెక్ట్ ఫోటోలు వరసగా పది తెరిచి చూడు, మచ్చ అన్నింట్లో ఒకే చోట ఉంటే అది మాత్రది కాదు, గాజుది. డీడస్టర్ సక్షన్ పని చేస్తోందా చూడు, కోటింగ్ మాత్రలకి పొడి అంటుకుంటే ఎరుపు మీద తెల్ల చుక్కలుగా కనబడతాయి.

అవి రెండూ బాగుంటే అప్పుడు మెరుపు సంగతి. నున్నటి కోటింగ్ అద్దంలా లైటుని వెనక్కి కొడుతుంది, ఆ తెల్ల మెరుపుని మెషీన్ పెచ్చు లేచిందనుకుంటుంది. లైటు ముందొకటి, లెన్స్ ముందొకటి పోలరైజర్ ఫిల్టర్లు అడ్డంగా తిప్పి పెడితే మెరుపు చాలావరకు పోతుంది, డోమ్ లైటు (బోర్లించిన గిన్నెలా అన్నివైపులనుంచీ మెత్తగా పడే వెలుగు) అయినా పనికొస్తుంది. ఇది నువ్వొక్కడివి చేసే పని కాదు, ఇంజినీరింగ్ వాళ్ళని పిలువు. ముదురు రంగు కోటింగ్ మీద నల్ల చుక్క పట్టడం మాత్రం ఏ మెషీన్‌కైనా కష్టమే, అది ఒప్పుకోవాలి.

రెసిపీలో లిమిట్ మార్చడమంటే ఊరికే నాబ్ తిప్పడం కాదు. ఎవరు, ఎప్పుడు, ఏది, దేన్నుంచి దేనికి మార్చారో ఆడిట్ ట్రెయిల్‌లో (మెషీన్ తనంతట తాను రాసుకునే చిట్టాలో) పడుతుంది, అమెరికాకి పంపే సరుకైతే 1997 నుంచి ఉన్న 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 (కంప్యూటర్ రికార్డుల మీద అక్కడి నియమం) ఇదే అడుగుతుంది. చేంజ్ కంట్రోల్ (మార్పుకి రాతపూర్వక అనుమతి) లేకుండా నోటిమాట మీద తగ్గిస్తే రేపు ఆ లాగ్‌లో ఉండేది నీ లాగిన్, పైవాళ్ళది కాదు. మార్చాల్సి వస్తే మార్చాక ఛాలెంజ్ టెస్ట్ మళ్ళీ చేయాలి, అంటే కావాలనే చెడగొట్టిన మాత్రల కిట్ ఉంటుంది కదా, లెక్కపెట్టి వేసి, అన్నీ రిజెక్ట్‌లోకి వచ్చాయా అని లెక్కపెట్టి తియ్యాలి. అన్నీ తియ్యాలి అని ఎందుకంటున్నామంటే కిట్‌లో మాత్ర ఒకటి మెషీన్ లోపలే ఇరుక్కుని తర్వాత బ్యాచ్‌లో కలిస్తే దానంత తలనొప్పి ఇంకోటి లేదు.

ప్రశ్న: కెమెరా చూసిందంటే మాత్రలో మందు సరిగ్గా ఉన్నట్టేనా?

కాదు. పైన తోలు చూస్తుంది అంతే, లోపల మందెంతో చెప్పడం ల్యాబ్ పని.

ప్రశ్న: రిజెక్ట్ బిన్ నిండితే దాన్ని మళ్ళీ హాపర్‌లో పోసేస్తున్నారు మా దగ్గర, మూడుసార్లు కూడా. మంచివి ఎందుకు పారేయాలి అంటారు. ఇది సరైనదేనా? క్యాపింగ్ (మాత్ర పైభాగం ఊడిపోవడం) ఎక్కువగా వస్తున్నా మెషీన్ పట్టేస్తుందిలే అని ప్రెస్ ఆపరు. (షిఫ్ట్ సూపర్‌వైజర్)

ఈ ఉత్తరం కోసమే ఈసారి కాలమ్ రాశామనుకోండి. మంచివి పోతున్నాయన్న బాధ నిజమే, 10 లక్షల బ్యాచ్‌లో ఒక్క శాతం తప్పుడు రిజెక్ట్ అయినా 10 వేల మంచి మాత్రలు పోయినట్టే. కానీ ఇటు లెక్క కూడా చూడండి. అటూ ఇటూగా ఉండే సన్న పగులు ఉన్న మాత్రలు 100 ఉన్నాయనుకోండి, మెషీన్ వాటిని నూటికి 70సార్లు పడుతుందనుకుందాం. మొదటిసారి 30 తప్పించుకున్నాయి. ఆ 70ని మళ్ళీ పోశారు, 21 తప్పించుకున్నాయి. మిగిలిన 49ని మూడోసారి పోశారు, ఇంకో 15 పోయాయి. మొత్తం 66 చెడ్డ మాత్రలు మంచి డ్రమ్‌లో కూర్చున్నాయి! మెషీన్ అదే, లిమిట్ అదే, రికార్డులో అంతా పచ్చగానే ఉంటుంది, కానీ 70 పట్టే మెషీన్‌ని మీరే 34 పట్టే మెషీన్‌గా మార్చేశారు.

తమాషా ఏంటంటే మళ్ళీ పోయాల్సి వస్తే మంచి డ్రమ్‌నే పోయాలి, అప్పుడు తప్పించుకున్న 30లో ఇంకో 21 దొరికి 9 మిగులుతాయి. రిజెక్ట్‌ని ఒకసారి తిరిగి పోయొచ్చని ఎస్‌ఓపీలో (రాసిపెట్టిన పని పద్ధతిలో) ఉంటే, అలా పోస్తే ఏమవుతుందో వాలిడేషన్‌లో (ముందే చేసే రుజువు పరీక్షల్లో) చూసుంటే, అది వేరు. మూడుసార్లు పోయడం అంటే మాత్ర పాసయ్యేదాకా పరీక్ష రాయించడమే. ఆ తర్వాత క్యూఏ (నాణ్యత చూసే విభాగం) వాళ్ళు మంచి డ్రమ్‌లోంచి ఏక్యూఎల్ శాంపిల్ (ఎన్ని లోపాలదాకా ఒప్పుకోవచ్చో ముందే లెక్కకట్టి తీసే కొన్ని మాత్రలు) తీసి లోపాలని క్రిటికల్, మేజర్, మైనర్ అని విడదీసి చూస్తారనుకోండి, కానీ శాంపిల్ అంటే శాంపిలే.

ఇక క్యాపింగ్. మాత్ర టోపీ ఊడినట్టు పైభాగం లేచిపోతుందంటే కారణం ప్రెస్ దగ్గరో గ్రాన్యులేషన్ (పొడిని చిన్న గుళికలుగా కట్టే దశ) దగ్గరో ఉంది, గాలి లోపల చిక్కుకుపోతోంది, ఫైన్స్ (మరీ సన్నటి పొడి) ఎక్కువయ్యాయి, గ్రాన్యూల్స్ మరీ ఎండిపోయాయి, స్పీడు పెంచేశారు, డై (పొడి నింపే అచ్చు) లోపల అరిగి గాడి పడింది, వీటిలో ఏదో ఒకటి. ప్రీకంప్రెషన్ (అసలు నొక్కుడుకి ముందు వేసే చిన్న నొక్కుడు) పెంచి స్పీడు తగ్గిస్తే చాలాసార్లు దారికొస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, టోపీ పూర్తిగా ఊడినదాన్ని కెమెరా పడుతుంది, లోపల సన్నగా చీలి పైకి మామూలుగా ఉన్నది మెషీన్ దాటి కోటింగ్ పాన్‌లోనో, ప్యాకింగ్‌లోనో, చివరికి కొన్నవాళ్ళ చేతిలోనో ఊడుతుంది. ఫ్రయబిలిటీ (దొర్లిస్తే మాత్ర ఎంత రాలుతుందో చూసే పరీక్ష) డ్రమ్‌లో నిమిషానికి 25 చొప్పున 4 నిమిషాలు, 100 తిప్పులు తిప్పాక బరువు ఒక్క శాతం కన్నా ఎక్కువ తగ్గకపోయినా సరే, ఒక్క మాత్ర చీలి కనబడినా ఆ శాంపిల్ ఫెయిలే, దాన్ని చూడండి ముందు.

రిజెక్ట్ బిన్‌ని చెత్తబుట్ట అనుకోవడమే అసలు పొరపాటు, ప్రెస్‌కి అదే మెడికల్ రిపోర్ట్. మీ ప్రెస్‌కి 45 స్టేషన్లు (ఒక్కోదానికి ఒక పంచ్ జత) ఉన్నాయనుకోండి, రిజెక్ట్ సరిగ్గా 2.2 శాతం దగ్గర నిలబడి, ఫోటోలన్నింట్లో ఒకే అక్షరం పొట్టలో ముక్క ఊడి ఉందనుకోండి, 45లో ఒకే ఒక్క పంచ్ పాడైందని అర్థం, ఆ పంచ్ వెతికి పాలిష్ చేయండి, బ్యాచ్ అంతా తిట్టుకోనక్కర్లేదు. ఏ, బీ, డీ లాంటి ఇంగ్లీష్ అక్షరాలు, 6, 8, 9 అంకెలు ఉన్న పంచ్‌ల మీద ఓ కన్నేయండి, లోపల మూసుకున్న బొట్టు ఉన్నచోటే పొడి అంటుకుంటుంది, పికింగ్ అక్కడే మొదలవుతుంది. అలా కాకుండా అన్ని పంచ్‌ల మాత్రలూ అంటుకుంటుంటే తేమ చూడండి, మెగ్నీషియం స్టియరేట్ (అంటుకోకుండా కలిపే జారుడు పొడి) సరిపోయిందా చూడండి. కోటింగ్ అయ్యాక రెండు మాత్రలు అతుక్కుని జంటగా వస్తుంటే స్ప్రే ఎక్కువైనట్టు, పాన్ నెమ్మదించినట్టు. అక్షరాల గుంటలు రంగుతో పూడిపోతే అది కూడా కోటింగ్ వాళ్ళ కథే.

ప్రశ్న: బెల్ట్ ముందు కూర్చుని మాత్రలు ఏరే పని 12 ఏళ్ళుగా చేస్తున్నాను. ఇప్పుడు ఏఐ మెషీన్ వస్తుందంటున్నారు. మా కళ్ళతో పనిలేదా ఇక? (ఒక ఇన్‌స్పెక్షన్ వర్కర్)

బెల్ట్ దగ్గర గంటలకొద్దీ కూర్చునే పని తగ్గుతుందమ్మా, అది దాచి లాభం లేదు, అరగంట దాటితే ఎవరి కళ్ళైనా అలసిపోతాయి కూడా. కానీ మెషీన్ బాగుందా లేదా అని తేల్చేది ఇప్పటికీ మీలాంటివాళ్ళ కళ్ళే. ఇంజెక్షన్ సీసాలు చూసే పనిలో పుట్టిన ఒక పద్ధతి ఉంది, దాన్ని న్యాప్ టెస్ట్ అంటారు, మంచీ చెడూ కలిపిన ఒక సెట్‌ని అనుభవమున్నవాళ్ళ చేత మళ్ళీ మళ్ళీ చూపిస్తారు, 10సార్లలో 7సార్లైనా వాళ్ళు తీసేసినవి ఒక గుంపు, మెషీన్ ఆ గుంపులో మనుషులకన్నా తక్కువ పట్టకూడదు. మాత్రలకి కూడా ఈ పద్ధతి వాడుకుంటారు.

ఏఐ మెషీన్‌కైతే ఇది పగులు, ఇది ఉత్త పొడి అని వేల ఫోటోల మీద ఎవరో ఒకరు గుర్తు పెట్టి నేర్పాలి, ఆ గుర్తు పెట్టేవాళ్ళకి పగులు తెలిసుండాలి. పైగా యూరప్ వాళ్ళు 2025 జులైలో అభిప్రాయాల కోసం బయటపెట్టిన అనెక్స్ 22 (మందుల తయారీలో ఏఐ వాడకం మీద నియమాలు) డ్రాఫ్ట్ చూస్తే, ముఖ్యమైన పనుల్లో వాడే మోడల్ నడుస్తూ నడుస్తూ తనంతట తాను నేర్చుకుని మారిపోకూడదంటోంది, నేర్పి, పరీక్షించి, తాళం వేసి వాడాలి. కాబట్టి కొత్త మెషీన్ వచ్చినప్పుడు డెమోకి వచ్చినవాళ్ళ దగ్గర నిలబడి, మీరు ఈ 12 ఏళ్ళలో ఏరిన వంకర మాత్రల్లో ఏవి పట్టుకోవడం కష్టమో అవి తీసి ఇవ్వండి, ఛాలెంజ్ కిట్‌లో పెట్టమని క్యూఏ వాళ్ళని అడగండి. ఆ కిట్‌లో నిజం మాత్రలు లేకపోతే చాలాచోట్ల బ్లేడుతో గీకి, పెన్నుతో చుక్క పెట్టి తయారుచేస్తారు, అలాంటి చుక్కని ఏ మెషీనైనా పట్టేస్తుంది.