డిశ్చార్జ్ కాగితం మీద చూసుకునే మనిషి సంతకం కూడా ఉండాలి

"పక్షవాతం వచ్చిన పెద్దాయన్ని ఇంటికి తీసుకెళ్ళమంటున్నారు. ఇంట్లో చూసుకునేవాళ్ళం ముందే ఏమేం అడగాలి? మాకు ఎలాంటి సాయం దొరకాలి?" అని ఒకరు రాసి అడిగారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. డిశ్చార్జ్ కాగితం మీద డాక్టరు సంతకం ఉంటుంది, బిల్లు కట్టినట్టు కౌంటర్లో వేసిన స్టాంపు ఉంటుంది. రేపటి నుంచి ఇంట్లో ఆ పనులన్నీ చేయబోయే మనిషి సంతకం కూడా దాని మీద ఉండాలి. "ఇవన్నీ నా చేత చేయించి చూశారు, నాకు వచ్చాయి" అని. ఆ సంతకం పడేదాకా పేషెంటు వార్డు గుమ్మం దాటకూడదు. ఇది మరీ అతి అంటారు మా ఆయన. ఆయనకి అలాగే అనిపిస్తుంది లెండి, చేసింది నేనూ మా అత్తగారూ కదా.

మా మామగారికి స్ట్రోక్ వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట కూడా పోయింది. మనం చెప్పేవి చాలావరకు అర్థమవుతాయి, తిరిగి చెప్పబోతే నోట్లోంచి ఎప్పుడూ ఒకటే శబ్దం వచ్చేది. ప్రాణానికి భయం లేదని తేలాక ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు. ఓ రోజు పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారు "బాగానే ఉన్నారు, ఇవాళ పంపించేద్దాం" అన్నారు. అందరం సంతోషించాం. కాగితాలు చేతికొచ్చేసరికి సాయంత్రమైంది. అప్పటికి ఫిజియోథెరపిస్టు వెళ్ళిపోయారు. వార్డులో డ్యూటీ మారుతోంది. పగటి సిస్టర్ రాత్రి సిస్టర్‌కి ఒక్కో మంచం అప్పజెపుతూ, ఆ మధ్యలోనే మాకూ చెప్పేసింది. మాకు అంటే మా ఆయనకి. బిల్లు కట్టిన మనిషి ఆయనే కాబట్టి వాళ్ళ లెక్కలో అటెండెంటు ఆయన. రాత్రుళ్ళు ఆ మంచం పక్కన బల్ల మీద పడుకున్నవాళ్ళం మేమిద్దరం. ఆ సమయానికి నేను తెర వెనకాల మామగారికి చొక్కా తొడగడానికి తంటాలు పడుతున్నాను. చచ్చుబడిన చెయ్యి చొక్కాలో దూరదు, దూర్చబోతే ఆయన మొహం చిట్లిస్తారు. తెర అవతల నుంచి "మందులు ఇందులో రాశాం, పక్కలకి తిప్పుతూ ఉండండి, వారం తర్వాత ఓపీకి రండి" అని వినిపించింది. మా ఆయన "సరే సిస్టర్, సరే సిస్టర్" అంటున్నారు. ఎన్ని గంటలకోసారి తిప్పాలట అని కారులో అడిగితే ఆయన దగ్గర సమాధానం లేదు.

ఇంటి ముందు ఆగాక అసలు సంగతి మొదలైంది. ఆసుపత్రిలో మంచం మర తిప్పితే లేస్తుంది, వార్డు బాయ్‌లు ఉంటారు, స్ట్రెచర్ లిఫ్టులోకి పోతుంది. మా ఇంటికి మెట్లున్నాయి. లోపల మంచం మోకాలి ఎత్తు కూడా లేదు. పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు, పాపం మంచి మనుషులే. ఒకాయన ఎడమ చంక కింద చెయ్యి వేశాడు, ఇంకొకాయన కుడి చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. కుడి చెయ్యంటే, ఆ చచ్చుబడిన చెయ్యే. ఒకటి, రెండు, మూడు అని లాగారు. మామగారి నోట్లోంచి మామూలుగా వచ్చే శబ్దమే వచ్చింది గానీ ఈసారి అది కేక. పడిపోతానని భయపడుతున్నారని అందరూ అనుకున్నారు. "ఏం కాదు బాబాయ్‌గారూ, మేమున్నాం కదా" అని ఆ చెయ్యే ఇంకాస్త గట్టిగా పట్టుకుని మెట్లెక్కించారు. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు.

ఆ రాత్రి భుజం మీద దుప్పటి కూడా వేయనివ్వలేదు. తర్వాత ఇంటికొచ్చిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి భుజం తడిమి చూసి విషయం చెప్పింది. భుజం ఎముకని దాని గూట్లో పట్టి ఉంచేది చుట్టూ ఉన్న కండరాలే. స్ట్రోక్ తర్వాత అవి వదులైపోతాయి. ఆ చెయ్యి పట్టి లాగితే కీలు కిందికి జారుతుంది. అందుకే అటువైపు చేతిని ఎప్పుడూ లాగకూడదు, చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు. కుర్చీని ఆయన బాగున్న వైపు పెట్టి, చక్రాలకి బ్రేకులు వేసి, కాళ్ళు పెట్టుకునే పలకలు మడిచి, ఆయన్ని మంచం అంచుకి జరిపి, పాదాలు నేలకి ఆనించి, ముందుకి వంగమని, నడుం దగ్గర పట్టుకుని లేపి తిప్పాలి. చొక్కా సంగతి కూడా ఆ అమ్మాయే చెప్పింది. తొడిగేటప్పుడు చచ్చుబడిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. మా అత్తగారు బక్కపలచటి మనిషి, ఆవిడ కూడా ఆ పూటే ఆయన్ని కుర్చీలోకి మార్చేశారు. ఇదంతా నేర్పడానికి అరగంట పట్టలేదు. ఆ అరగంట వార్డులో దొరకనందుకు భుజం నొప్పి కొన్ని నెలలు పీడించింది, నొప్పి వల్ల చేతి వ్యాయామాలు వెనకబడ్డాయి.

ఆ సిస్టర్ మీద నాకు కోపం లేదు. ఒక్క మనిషికి అన్ని మంచాలు అప్పజెప్పి, అన్నీ అరిచి చెప్పమంటే ఎవరైనా అంతే చెప్తారు. నా కోపం పద్ధతి మీద. డిశ్చార్జ్ అంటే మంచం ఖాళీ అయ్యే రోజని లెక్క. చేర్చుకున్న రోజునే ఎవరైనా ఓ కాగితం తీసి ఇంట్లో ఎవరుంటారు, మెట్లున్నాయా, బాత్రూం తలుపు ఎంత వెడల్పు, రాత్రి ఎవరు లేస్తారు, ఆ లేచే మనిషికి నడుం నొప్పి ఉందా అని అడిగి రాసుకుంటే ఎంత పని? ఇన్సూరెన్స్ వివరాలు మాత్రం అడ్మిషన్ బల్ల దగ్గరే సమస్తం రాసుకుంటారు.

ఇదేదో నా పిచ్చి ఊహ అనుకోకండి. అమెరికాలో 2014లో ఓక్లహోమా రాష్ట్రం మొదలుపెట్టి, తర్వాత 40కి పైగా రాష్ట్రాలు ఇలాంటి చట్టం చేసుకున్నాయి. రోగిని చూసుకునే మనిషి పేరు ఆసుపత్రి రికార్డులో రాయాలి, ఇంటికి పంపే ముందు ఆ మనిషికి కబురు చెప్పాలి, ఇంట్లో చేయాల్సిన వైద్యపు పనులు వివరించి చూపించాలి. ఇంగ్లండులో 2022 నాటి చట్టం ప్రకారం, ఇంటికెళ్ళాక కూడా సాయం అవసరమయ్యే పేషెంటైతే డిశ్చార్జ్ ఆలోచనలో జీతం లేకుండా చూసుకునేవాళ్ళని కూడా కలుపుకోవాలి. చట్టం ఉన్నంత మాత్రాన అక్కడ సాయంత్రం పూట హడావిడి డిశ్చార్జ్‌లు ఉండవని నేననను. కానీ అడగడానికి ఓ ఆధారం ఉంటుంది. నా సంతకం సిద్ధాంతం దీనికి ఇంకొక్క మెట్టు పైన, అంతే.

మీరు అడగాల్సిన వాటిలో మందుల సంగతి నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఆసుపత్రికి వెళ్ళకముందు వాడే బీపీ మాత్ర ఒక కంపెనీ పేరుతో ఇంట్లో డబ్బాలో ఉంటుంది. డిశ్చార్జ్ కాగితంలో అదే మందు ఇంకో కంపెనీ పేరుతో రాస్తారు. ఇంట్లోవాళ్ళు రెండూ వేస్తారు, బీపీ పడిపోతుంది, మనిషి బాత్రూంలో పడతాడు. కాబట్టి ఇంట్లో ఉన్న పాత మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వార్డుకి పట్టుకెళ్ళండి. ఏవి కొనసాగాలి, ఏవి ఆపేయాలి, కొత్తవి ఏవి అని విడివిడిగా పెట్టించుకోండి. ఆపేయాల్సిన వాటి పేర్లు కాగితం మీద రాయమనండి, చాలా కాగితాల్లో వేయాల్సినవే ఉంటాయి. మింగలేకపోతున్నారని మాత్రలు పొడి చేసే ముందు ఒక్కోటీ చూపించి అడగండి. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రని నూరితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది.

మింగడం గురించి వేరేగా అడగండి. స్ట్రోక్ తర్వాత నీళ్ళే ఎక్కువ ఇబ్బంది పెడతాయి, గట్టి పదార్థం కంటే అవి తొందరగా దారి తప్పి ఊపిరితిత్తుల వైపు పోతాయి. తాగాక దగ్గు వచ్చినా, గొంతు తడితడిగా గరగరలాడినా అది హెచ్చరిక. ఎలా కూర్చోబెట్టి ఎంత చిక్కగా ఇవ్వాలో చేసి చూపించమనండి. పక్కలకి తిప్పడం మామూలుగా రెండు గంటలకోసారి అంటారు. మీ మనిషికి ఎన్ని గంటలకోసారో కచ్చితంగా అడగండి. తిప్పినప్పుడల్లా నడుం కింద ఎముక, తుంటి, మడమలు చూడాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నట్టే. మూత్రం గొట్టం ఉంటే సంచి ఎప్పుడూ నడుం కంటే కిందే వేలాడాలి. మంచం మారుస్తూ ఆ సంచిని ఒళ్ళో పెట్టేవాళ్ళని చూశాను, సంచిలో మూత్రం వెనక్కి లోపలికి పోతుందని ఎవరూ చెప్పరు.

ఇవన్నీ చెప్పించుకోవడంతో ఆగిపోకండి. మీరు చేస్తుంటే వాళ్ళు చూడాలి. చూసినంత మాత్రాన చెయ్యి తిరగదు.

మరో సంగతి. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి పాత జబ్బుతోనే తిరిగి చేరతాడని అనుకుంటాం. యేల్ యూనివర్సిటీలో గుండె డాక్టరు హార్లన్ క్రుమ్‌హోల్జ్ 2013లో దీని గురించే రాశాడు. అమెరికాలో మెడికేర్, అంటే ముఖ్యంగా పెద్ద వయసువాళ్ళకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా, కింద ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళినవాళ్ళలో అప్పట్లో దాదాపు ఐదో వంతు మంది 30 రోజుల్లోపే మళ్ళీ ఆసుపత్రిలో చేరేవారు, అందులో చాలామంది మొదటిసారి చేరిన జబ్బుకి సంబంధం లేని కారణాలతో. నిద్ర లేకపోవడం, సరిగ్గా తినకపోవడం, మంచం పట్టి కండ కరిగిపోవడం, కొత్త మందులు, అయోమయం, వీటన్నిటితో మనిషి ఇంటికొచ్చేసరికి డొల్ల అయిపోయి ఉంటాడని ఆయన వాదన. ఆ డొల్లగా ఉన్న మనిషిని ఎవరి చేతిలో పెడుతున్నారు? ఆసుపత్రి బల్ల మీద అన్నాళ్ళూ నిద్ర లేకుండా గడిపిన మనిషి చేతిలో.

అందుకే చూసుకునేవాళ్ళకి సాయం అంటే ముందు నిద్ర అంటాను. పరామర్శకి వచ్చేవాళ్ళ గురించి ఇక్కడ రెండు మాటలు అనకపోతే నాకు తోచదు. వస్తారు, ఇంత చిక్కిపోయారేంటి అంటారు, ఎవరికో ఏదో నూనెతో తగ్గిందని చెప్తారు, "ఏదైనా అవసరమైతే చెప్పండి" అని వెళ్తారు. మా ఆడపడుచు కూడా ఫోన్లో అదే మాట. అవసరం ఏమిటో కనుక్కుని, మనిషిని వెతికి, బతిమాలి పిలుచుకునే పని కూడా మనమే చేయాలన్నమాట! చివరికి నేనే విసిగి "ఆదివారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నువ్వు ఉండు వదినా" అన్నాను. వచ్చింది. మొదటి రాత్రికే ఫోన్లో ఇచ్చే సలహాలు మానేసింది. మీరూ "సాయం కావాలి" అనకండి, గంటలు చెప్పి అడగండి.

1999లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ అనే ఇద్దరు ఒక పరిశోధన ప్రచురించారు. భర్తనో భార్యనో చూసుకుంటూ ఆ భారంతో నలిగిపోతున్న పెద్ద వయసువాళ్ళకి, అలాంటి బాధ్యత లేనివాళ్ళతో పోలిస్తే, నాలుగేళ్ళలో చనిపోయే ముప్పు 63 శాతం ఎక్కువ అని తేలింది. మా అత్తగారు తన షుగర్ మాత్రలు ఎప్పుడు వేసుకుంటున్నారో ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆసుపత్రి అసలే అడగలేదు. ఓపీకి మామగారితో పాటు ఆవిడ కూడా వస్తారు, డాక్టరుగారి ఎదురుగానే నిలబడతారు, ఆవిడ బీపీ చూడటానికి రెండు నిమిషాలు చాలు. నన్నడిగితే ఆ ఓపీ చీటీ మీదే చూసుకునే మనిషికి కూడా ఒక గడి ఉండాలి.

ఇక మీ విషయం. ఇవాళే ఖాళీ చేయమంటే గొడవ పెట్టుకోకండి. "ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి ఒకసారి నేను మారుస్తాను, మీరు చూసి తప్పులు చెప్పండి" అని అడగండి. దీనికి కాదన్న సిస్టర్‌ని నేనింతవరకు చూడలేదు. వీలైతే డిశ్చార్జ్ సాయంత్రానికి కాకుండా పొద్దున పెట్టించుకోండి, అప్పుడైతే ఫిజియోథెరపిస్టు ఉంటారు, ఇంటికెళ్ళాక ఏదైనా తేడా వచ్చినా ఫోన్ ఎత్తే మనిషి దొరుకుతారు. రాత్రిపూట ఏ నంబరుకి చేయాలో, ఏయే లక్షణాలు కనిపిస్తే ఫోన్లు మాని నేరుగా ఎమర్జెన్సీకి రావాలో కాగితం వెనకాల రాయించుకోండి. మీ ఇల్లు కిందా మేడ మీదా అన్నది ప్రశ్నలో రాయలేదు. లిఫ్టు లేని మేడ మీదైతే ఫిజియోథెరపిస్టుకి ముందు ఆ మాట చెప్పండి, ఆయన్ని పైకి ఎలా చేర్చాలో బయల్దేరకముందే తేల్చుకోవాలి.