‘సర్వర్లు బాగున్నాయి’ అని ఏఐ చెబుతుంటే మా వాడికి పనేముంటుంది?

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో కరెంటు సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. మా అబ్బాయి ఈసీఈలో బీటెక్ చేసి, అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ క్లౌడ్ సపోర్ట్ కోర్సు నేర్చుకుంటున్నాడు. పండక్కి వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో ఏదో ఏఐ ఏజెంట్ చూపించాడు. ‘మన సర్వర్లు ఎలా ఉన్నాయి?’ అని టైప్ చేస్తే పది సెకన్లలో ‘మూడూ నడుస్తున్నాయి, అన్నీ బాగున్నాయి’ అని వచ్చింది. వాడు సంబరపడ్డాడు, నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. సర్వర్లు చూస్తూ కూర్చోవడమే వీడి ఉద్యోగమైతే, మెషీన్ చేసే పనికి మనిషికి జీతం ఎందుకిస్తారు? సగం ఫీజు ఇంకా కట్టాలి. మాన్పించమంటారా?

జవాబు: మీ భయంలో సగం నిజం ఉందండీ. ఎల్1 సపోర్ట్ అనే ఉద్యోగం ఒకటుంది. రాత్రంతా తెర ముందు కూర్చోవాలి, ఎక్కడైనా ఎరుపు కనబడితే టికెట్ వేసి (సమస్యను నమోదు చేసి) పైవాళ్లకు ఫోన్ చేయాలి. చాలామంది ఫ్రెషర్లు ఈ దారినే లోపలికి వెళ్లారు. ఇందులో ‘చూసి చెప్పడం’ అనే ముక్కను ఏజెంట్లు బాగానే చేస్తున్నాయి. మీ అబ్బాయి కోర్సులో మానిటరింగ్ అంటే ఇంతే అయితే, ఆ ముక్క కోసం డబ్బు కట్టడం దండగ.

మిగతా సగం నాకంటే మీకే బాగా తెలుసు. ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలుగుతుంటే బ్రేకర్ ఆన్‌లో ఉందని అర్థం. ఆ ఫీడర్ చివరి ఊళ్లో ఫ్యాన్ తిరుగుతోందో లేదో ఆ లైటుకేం తెలుసు? మధ్యలో జంపర్ తెగి ఉండొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయి ఉండొచ్చు. ఊరి నుంచి ఫోన్ వస్తే ‘మా ప్యానెల్‌లో బాగానే ఉంది’ అని మీరు పెట్టేయరు కదా. (కొందరు పెట్టేస్తారు, అది వేరే సంగతి.)

మీ వాడు చూపించిన పది సెకన్లలో జరిగిందేమిటో చెబుతాను. ఏజెంట్ ఆ ప్రశ్నను ఒక కమాండుగా మార్చి, అకౌంట్ తాళంతో క్లౌడ్ కంపెనీకి పంపింది. అక్కడి నుంచి ఒక పట్టిక వచ్చింది. దాన్ని చదివి మనకు మాటల్లో చెప్పింది. అమెజాన్ క్లౌడ్‌నే, అంటే అమెజాన్ అద్దెకిచ్చే సర్వర్లనే తీసుకుందాం. ఆ పట్టికలో ముఖ్యంగా ఉండేవి సర్వర్ కింద ఉన్న అమెజాన్ మెషీన్, పవర్, నెట్‌వర్క్ సరిగ్గా ఉన్నాయా, సర్వర్ లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ పలుకుతోందా అన్న తనిఖీలు. జోడించిన డిస్కులు పనిచేస్తున్నాయా అనీ చూస్తారు. వెబ్‌సైట్ తెరుచుకుంటోందా, కస్టమర్ డబ్బు కడితే రసీదు వస్తోందా అన్నది అందులో ఎక్కడా ఉండదు.

స్టేటస్ చెప్పే పేజీయే బోల్తాపడిన రోజూ ఉంది. 2017 ఫిబ్రవరి 28న అమెరికాలో నార్త్ వర్జీనియాలో అమెజాన్ ఎస్3 స్టోరేజీ ఆగిపోయింది. ఒక ఉద్యోగి కమాండులో ఒక విలువ తప్పుగా ఇవ్వడంతో అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు తీసేసినట్టయింది. సర్వీసుల స్టేటస్ పేజీని మార్చాల్సిన వ్యవస్థ కూడా ఆ ఎస్3 మీదే ఆధారపడి ఉంది. దాంతో దాదాపు రెండు గంటలపాటు ఆ పేజీలో సర్వీసుల స్థితిని మార్చలేకపోయారు. ఆ పేజీని చదివి జవాబు చెప్పే ఏజెంట్ అప్పుడుంటే, ‘అంతా క్షేమం’ అని మర్యాదగా చెప్పి ఉండేది.

కాబట్టి కోర్సు మాన్పించకండి, దాని దిశ మార్పించండి. ఈ ఆదివారం మీ అబ్బాయిని ఒక పని చేయమనండి. ముంబై రీజియన్‌లో (అంటే అక్కడి అమెజాన్ డేటా సెంటర్లలో) చిన్న సర్వర్ ఒకటి, హైదరాబాద్ రీజియన్‌లో ఇంకొకటి పెట్టాలి. హైదరాబాద్‌ది 2022 నవంబర్‌లో వచ్చింది, దాన్ని అకౌంట్‌లో విడిగా ఎనేబుల్ చేసుకోవాలి. తర్వాత ‘నా సర్వర్లన్నీ ఎలా ఉన్నాయి?’ అని ఏజెంట్‌ను అడగాలి. దాని సెట్టింగ్‌లో ముంబై ఒక్కటే ఉంటే, ‘ఒక సర్వర్ ఉంది, బాగుంది’ అనే అవకాశమే ఎక్కువ. హైదరాబాద్‌ది ఊసే ఎత్తదు. అబద్ధం చెప్పలేదు, ఆ గదిలోకి తొంగిచూడలేదంతే.

ఆ తర్వాత ముంబైలోనే రెండోది పెట్టి, దాన్ని స్టాప్ చేసి మళ్లీ అడగాలి. అమెజాన్ స్టేటస్ కమాండు మామూలుగా నడుస్తున్నవాటినే చూపిస్తుంది, ఆగినవి కావాలంటే విడిగా అడగాలి. అది తెలియకపోతే ఆగిపోయిన సర్వర్ పట్టికలోంచే మాయమవుతుంది, మిగిలినవన్నీ ‘బాగున్నాయి’. చివరగా నడుస్తున్న సర్వర్‌లోకి లాగిన్ అయ్యి వెబ్‌సైట్‌ను అందించే సాఫ్ట్‌వేర్ ఎన్‌జినెక్స్‌ను ఆపేయాలి. సైటు తెరుచుకోదు, అమెజాన్ తనిఖీలు మాత్రం పాసవుతూనే ఉంటాయి. ప్రతిసారీ ఏజెంట్ ఏమంది, తను స్వయంగా కమాండు కొడితే ఏం కనబడింది అని పక్కపక్కనే ఒక నోట్‌బుక్‌లో టైముతో సహా రాసుకోవాలి. మీరు గంటగంటకూ రీడింగులు రాసే లాగ్‌బుక్ ఒకసారి చూపించండి, ఎలా రాయాలో వాడికే తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో ‘సర్వర్ రన్నింగ్ అని చూపిస్తోంది, సైటు రావట్లేదు, ఏం చేస్తావు?’ అన్న ప్రశ్న పాతదే. సర్టిఫికెట్ చూపించేవాడికంటే ఈ మూడు ప్రయోగాల నోట్‌బుక్ రాసినవాడు దానికి తడుముకోకుండా చెబుతాడు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లను కూడా మిగతా ఫీజు కట్టేముందు అడగండి: లైనక్స్ (సర్వర్లలో ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్) ఎన్ని వారాలు, నెట్‌వర్కింగ్ ఎన్ని వారాలు, పాడైన సర్వర్‌ను ఇచ్చి బాగుచేయిస్తారా లేక సార్ స్క్రీన్ చూపిస్తుంటే కూర్చుని చూడటమేనా అని. లైనక్స్‌ను రెండు మూడు క్లాసుల్లో తేల్చేస్తున్నారంటే ఆ ఫీజు ఇంకో చోట కట్టడం మంచిది. ఈసీఈ వాడు కాబట్టి నెట్‌వర్కింగ్ త్వరగానే ఎక్కాలి.

ఇంకొక్కటి, ఇది గట్టిగా చెబుతున్నాను. ఏజెంట్‌కు ఇచ్చే తాళం చూడటానికి మాత్రమే పనికొచ్చేదై ఉండాలి, అంటే రీడ్-ఓన్లీ. చాలామంది కుర్రాళ్లు తొందరలో అడ్మిన్ తాళమే ఇచ్చేస్తారు. ఎల్సీ (లైన్‌లో కరెంటు ఆపేశాం, పని చేసుకోవచ్చు అన్న అనుమతి) ఇవ్వకుండా మీరు లైన్‌మన్‌ను స్తంభం ఎక్కనివ్వరు కదా. సర్వర్‌ను ఆపే, తీసేసే అధికారం కూడా అలాగే ఒక మనిషి ‘సరే’ అన్నాకే అందాలి. ఆ ‘సరే’ అనే మనిషికి ఏది ఆగితే ఏది ఆగుతుందో తెలిసుండాలి, మీ అబ్బాయి నేర్చుకోవాల్సిన ఉద్యోగం అది.

ప్రయోగం అయ్యాక సర్వర్లను స్టాప్ చేసి వదిలేయకుండా టెర్మినేట్ చేయమనండి, అంటే పూర్తిగా తీసేయమనండి. ఆగి ఉన్నా డిస్కుకు లెక్క పడుతూనే ఉంటుంది. అన్నీ పోయాయో లేదో ఏజెంట్‌ను అడిగి ఊరుకోకుండా, రెండు రీజియన్లూ తనే తెరిచి చూసి, మర్నాడు బిల్లింగ్ పేజీ కూడా చూసుకోమనండి.